చదవకుండా చదివే విద్య

ఇంగ్లీషులో రాసిన ఒక పేరాను చదివి అర్థం చేసుకోగలరా లేదా అని తేల్చే పరీక్షకు, పేరా చదవవలసిన అగత్యం లేకుండానే అభ్యర్థులను తయారుచేయగల నగరం ఈ భూమ్మీద ఏదైనా ఉందంటే అది హైదరాబాదే. ఈ మాట వేళాకోళానికి అనడం లేదు. అమెరికాలో ఎమ్మెస్ చేయదలచిన మన పిల్లలు రాసే జీఆర్ఈలో వెర్బల్ అనే విభాగం ఒకటి ఉన్నదనీ, అందులో దాదాపు సగం ప్రశ్నలు పాసేజీ చదివి జవాబు చెప్పవలసినవేననీ అందరికీ తెలుసు. తెలిసి కూడా, ఆ సగాన్ని చదవడమనే పాత అలవాటు జోలికి పోకుండా దాటించే ఒక శాస్త్రాన్ని అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల మూడో అంతస్తు గదుల్లో మన గురువులు ఓపికగా పెంచి పోషించారు. దానికి రావలసిన గుర్తింపు ఇంతవరకూ రాలేదన్నదే నా బాధ.

గుర్తింపు రాకపోగా, పరీక్ష పెట్టేవారు ఈ శాస్త్రం మీద పగబట్టినట్టు ప్రవర్తిస్తున్నారు. 1936లో కార్నెగీ ఫౌండేషన్ వారు హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా విశ్వవిద్యాలయాలతో కలిసి మొదలుపెట్టిన ఈ పరీక్ష తరువాత న్యూజెర్సీలోని ఈటీఎస్ అనే పరీక్షల సంస్థ చేతికి వచ్చింది. చాలాకాలం వారు కూడా బుద్ధిగానే ఉన్నారు. ఒక మాట ఇచ్చి దానికి వ్యతిరేకార్థం అడిగేవారు, రెండు మాటలిచ్చి అలాంటి సంబంధమే ఉన్న మరో రెండు మాటలు అడిగేవారు. బట్టీ పట్టినవాడికి అన్నం పెట్టే ప్రశ్నలవి. 2011 ఆగస్టులో ఆ రెండు రకాలనూ ఒక్క వేటున తీసేసి, ఇకమీదట మాటను వాక్యంలో పెట్టే అడుగుతామన్నారు. వాక్యంలో పెడితే వాక్యం చదవవలసి వస్తుందన్న కనీస ఆలోచన వారికి లేకపోయింది. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష మొత్తాన్ని రెండు గంటల లోపుకు కుదించి, వెర్బల్‌కు 27 ప్రశ్నలూ 41 నిమిషాలూ మిగిల్చారు. ఇంత జరిగినా మన శాస్త్రం చెక్కుచెదరలేదు. మాటల జాబితా నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది.

ఆ జాబితాను గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మూడున్నర వేల మాటలుంటే పెద్ద జాబితా, వెయ్యి లోపుంటే చిన్న జాబితా. రెండూ సెల్లారులోని జెరాక్స్ దుకాణంలో స్పైరల్ బైండింగుతో సహా దొరుకుతాయి. మాటలు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి నేర్చుకోవడమూ అక్షరక్రమంలోనే సాగుతుంది. దీని ఫలితాన్ని కళ్ళారా చూడదలచినవారు కోఠీలో పాత పుస్తకాల దుకాణానికిగానీ, ఆదివారంనాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కుగానీ వెళ్ళి, ఎవరో వాడి అమ్మేసిన మాటల పుస్తకాన్ని ఒకదాన్ని చేతిలోకి తీసుకోవాలి. ‘ఎ’ కింద ప్రతి మాటకూ స్కేలు పెట్టి కొట్టిన ఎర్ర గీత ఉంటుంది, పక్కన గుండ్రని తెలుగు అక్షరాలతో అర్థం ఉంటుంది, వచ్చేసిన మాటలకు టిక్కు కూడా ఉంటుంది. ‘బి’ దగ్గరికి వచ్చేసరికి స్కేలు మాయమై గీత వంకర పోతుంది, ఎర్ర సిరా పోయి పెన్సిలు వస్తుంది. ‘సి’ మధ్యలో ఒక మాట కింద గీత సగంలో ఆగుతుంది. అక్కడినుంచి ‘జెడ్’ దాకా పుటలు ఒకదానికొకటి అతుక్కుని, ఎవరి వేలూ తగలనంత తెల్లగా ఉంటాయి. పక్కనున్న మరో ప్రతి తీసి చూడండి, అందులోనూ ఇదే కథ, కాకపోతే అక్కడ ఆకుపచ్చ సిరా. ప్రశ్నలు తయారుచేసేవారికి ఈ నగరం మీద ఏ కొంచెం దయ ఉన్నా, ‘సి’ దాటిన మాటలను వాడకుండా ఉండేవారు.

మాటను గుర్తుపెట్టుకునే కిటుకులు మరొక ఎత్తు. గారులస్ అంటే నోట్లో గారె ఉన్నా మాట ఆపనివాడు. అబేట్ అంటే ‘అబ్బే, తగ్గిపోయిందండీ’. ఈ రెండూ బాగానే పనిచేస్తాయని ఒప్పుకుంటాను. చిక్కల్లా పారగన్ లాంటి వాటితోనే. ఆదర్శమూర్తి అని చెప్పవలసిన ఆ మాటను బాత్‌రూము బయట విడిచే రబ్బరు చెప్పుతో ముడిపెట్టి కంఠస్థం చేసిన కుర్రవాడికి, పరీక్ష హాల్లో ఒక మహానుభావుడిని వాక్యం పారగన్ అని పొగుడుతున్నప్పుడు, నీలం పట్టీల హవాయి చెప్పే కళ్ళ ముందు నిలుస్తుంది. మాట మాత్రం గుర్తుంది కదా అని గురువులు సమర్థిస్తారు. దేనికి గుర్తుంది అన్నది వాక్యం చదివేవారి సమస్య, మనది కాదు.

సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే రకంలో ఈ సమర్థన మరీ అక్కరకు వస్తుంది. ఒక ఖాళీ ఉన్న వాక్యమిచ్చి, ఆరు మాటలు చూపించి, వాక్యానికి ఒకే అర్థం వచ్చేలా రెండు మాటలు ఎంచుకోమంటారు. రెండింటిలో ఒకటి తప్పినా మార్కు సున్నా. మన శాస్త్రం ప్రకారం ఆ వాక్యం వంక చూడనక్కరలేదు, ఆరింటిలో అర్థం కలిసిన జంటను పట్టుకుంటే పని అయిపోతుంది. ఈటీఎస్ వారు దీన్ని ఎలా పసిగట్టారో కాని, వాక్యానికి ఏ మాత్రం అతకని పర్యాయపదాల జంటను కూడా ఆప్షన్లలో కలిపి పెడుతున్నారు. జాతకాలు కలిశాయని పిల్లవాడి ముఖం చూడకుండానే ముహూర్తం పెట్టించే పెద్దలున్న ఊళ్ళో పెరిగిన పిల్లలను ఇలా దెబ్బతీయడం సాంస్కృతికంగా ఎంత తప్పో వారికి ఎవరైనా చెప్పాలి.

ఇక పాసేజీ. భౌతిక శాస్త్రం నుంచి చిత్రకళ దాకా దేని గురించైనా ఉండవచ్చు. తెరకు ఒక పక్కన పాసేజీ, మరో పక్కన ప్రశ్న కనిపిస్తాయి. “మొదటి వాక్యం చూడండి, చివరి వాక్యం చూడండి, మధ్యలోదంతా ఫిల్లర్” అని సారు బోర్డు మీద రాస్తారు. ‘ఆల్వేస్’, ‘నెవర్’, ‘ఓన్లీ’ ఉన్న ఆప్షన్లను కళ్ళు మూసుకుని కొట్టేయాలి. ‘హౌఎవర్’ కనబడితే దాని చుట్టూ సున్నా చుట్టాలి. (కంప్యూటరు తెర మీద సున్నా చుట్టడం ఎలా సార్ అని వెనక బెంచీలోంచి అడిగిన పిల్లను ‘డౌట్స్ చివర్లో’ అని కూర్చోబెట్టడం కూడా ఈ శాస్త్రంలో భాగమే.) పాసేజీలోని ఏదో ఒక వాక్యాన్ని మౌసుతో నొక్కి చూపించమనే ప్రశ్న ఒకటుంది. మొదటిదీ చివరిదీ తప్ప చదవనివాడికి ఆ ప్రశ్నలో ఎంచుకోవలసినవి రెండే వాక్యాలు కాబట్టి, పాసేజీ మొత్తం చదివి తికమకపడే వాడికంటే అతను ఎంత నిశ్చింతగా ఉంటాడో ఊహించుకోవచ్చు.

మన పిల్లలకు వేగం లేదని మాత్రం ఎవరూ అనలేరు. ఇంజనీరింగు సీటు కోసం వారు రాసి వచ్చిన ఎంసెట్‌లో, అంటే ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న దానిలో, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు ఉంటాయి. ఒక్కొక్కదానికి 67 సెకన్లు. జీఆర్ఈ వెర్బల్‌లో ఒక్కొక్క ప్రశ్నకు 91 సెకన్లు దొరుకుతాయి, అంటే వారి లెక్కలో అది వేసవి సెలవులతో సమానం. అయినా పాసేజీ ముందు ఆ చురుకైన చెయ్యి ఆగిపోతుంది. ఆగిపోయే చోటు కూడా నిర్దిష్టమైనదే. ‘ఈ విషయంలో రచయిత వైఖరి ఏమిటి’ అన్న ప్రశ్న దగ్గర.

ఇక్కడ మనం పిల్లలను తప్పుపట్టకూడదు. ఎల్కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలోనే చదివి, పదో తరగతి దాటి, ఇంటర్‌లో రోజుకు పదమూడు గంటలు స్టడీ అవర్లలో కూర్చుని, నాలుగేళ్ళు ఇంజనీరింగు వెలగబెట్టిన కుర్రవాడికి, పుస్తకం రాసినవాడికి ఒక వైఖరి ఉంటుందన్న సంగతి ఎవరైనా, ఎప్పుడైనా, పొరపాటునైనా చెప్పారా? అతను చూసిన పుస్తకాలన్నిటిలో రచయిత అనేవాడు అట్ట మీద పేరు మాత్రమే. లోపల ఉన్నవి నిర్వచనాలు, వాటి కింద బిట్లు, వాటి కింద కీ. నాన్‌డిటెయిల్డ్ కథ కూడా అతని చేతికి సారాంశంగానే వచ్చింది, ఆ సారాంశంలోనూ పరీక్షకు వచ్చే ముక్కకు స్టారు గుర్తు పెట్టి వచ్చింది. ఒక వాదాన్ని రచయిత తానే మొదట బలంగా చెప్పి, తరువాతి పేరాలో మెల్లగా దాన్నే ఖండించవచ్చునంటే అతనికి అది మోసంలా తోచడంలో వింతేముంది? ‘ఫస్ట్ పేరాలో ఎస్ అన్నాడు, సెకండ్ పేరాలో నో అన్నాడు, మరి కీలో ఏది ఇస్తారు సార్’ అన్నది న్యాయమైన ప్రశ్నే. పదహారేళ్ళ చదువులో ఒక్క పూర్తి పుటను తనంతట తాను చదివి, ఇందులో ఈయన చెప్పింది నాకు నచ్చలేదు అనే అవకాశం రానివాడిని, ఎక్కడో న్యూజెర్సీలో కూర్చున్నవారు ఇరవై వేలకు పైగా ఫీజు కట్టించుకుని మరీ ఇరుకున పెడుతున్నారు.

దీనికి విరుగుడుగా ఇంగ్లీషు పేపరు తెప్పించుకుని సంపాదకీయం చదవమని సలహా ఇచ్చే ఛాందసులు అక్కడక్కడా ఉన్నారు. కూకట్‌పల్లిలో నేనెరిగిన ఒక ఇంట్లో ఈ సలహాను అక్షరాలా పాటించారు. పొద్దున్నే కుర్రవాడు సంపాదకీయం తీసి, పసుపుపచ్చ హైలైటరుతో కష్టమైన మాటలన్నిటినీ గీసి, నోటుబుక్కులోకి ఎక్కించి, పేపరు మడిచి పెట్టేశాడు. కాఫీ తాగుతూ తండ్రి, “ఏం రాశాడురా ఇవాళ?” అని అడిగాడు. “ఏడు వర్డ్స్ నాన్నా, రెండు వచ్చినవే” అని కుర్రవాడు వినయంగా జవాబిచ్చాడు. ఆ తరువాత ఆ సంపాదకీయం ఇడ్లీ ప్లేటు కిందికి వెళ్ళింది. ఇంట్లో దాన్ని పూర్తిగా చదివినది, పచ్చడి తడికి ఆగిన మేరకు, వాళ్ళ నాయనమ్మ ఒక్కతే. ఆవిడ జీఆర్ఈ రాయడం లేదు.

ఈ శాస్త్రం తెలియక మన పెద్దలు పడిన అవస్థ తలచుకుంటే జాలి వేస్తుంది. నిజాం కాలంలో, 1901లో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు పూనుకుని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమనే గ్రంథాలయాన్ని నెలకొల్పారు. అంతకు పదేళ్ళ ముందు, 1891లో, ఆసఫియా గ్రంథాలయం పుట్టింది, అఫ్జల్‌గంజ్‌లో మూసీ పక్కన ఇప్పటికీ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా నిలిచి ఉంది. పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా చదవడం తప్ప వేరే దారి తెలియని అమాయకులు వారు. మనం ఆ దశ దాటాం. చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళితే ఈనాడు కుర్చీ దొరకడం కష్టం, అయితే కూర్చున్న ప్రతివారి ముందూ ఉన్నది ఇంటినుంచి తెచ్చుకున్న గైడే. గ్రంథాలయానికి పుస్తకాలు మోసుకువెళ్ళే నగరం మనది.

విమర్శకులు అడగవచ్చు, ఇంతా చేసి వెర్బల్ స్కోరు ఎంత వస్తున్నదని. అడగరు, అదే ఈ పద్ధతిలోని గొప్పతనం. ఈటీఎస్ వారి అంకెలు 130 దగ్గర మొదలై 170 దగ్గర ముగుస్తాయి. ఎంత తప్పులతడకగా రాసినా 130కి తగ్గించరు కాబట్టి, ‘సి’ దాకా వచ్చినవాడికి 150 దాకా ఢోకా లేదు. లెక్కల్లో వచ్చిన 170ని దానికి కలిపితే 320 అవుతుంది. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో పిన్నిగారూ బాబాయిగారూ అడిగేది ఆ మొత్తమే. మూడువందల ఇరవైలో ఎవరి వాటా ఎంతని విడగొట్టి అడిగిన బంధువును నేను ఇంతవరకూ చూడలేదు.

పైగా ఈ విద్య పరీక్షతో అంతరించేది కాదు, విమానమెక్కి వెంట వెళ్ళేది. డాలస్ శివారులో నలుగురితో కలిసి అద్దెకు దిగిన మన కుర్రవాడికి మొదటి వారంలోనే ప్రొఫెసరు అరవై పుటల వ్యాసమొకటి పంపి, చదివి దాని మీద నీ అభిప్రాయం రాసుకురమ్మన్నాడు. కుర్రవాడు మొదటి వాక్యం చూశాడు, చివరి వాక్యం చూశాడు, ఆపైన వాట్సాప్ తెరిచి కిందటేడాది అదే కోర్సు చేసిన సీనియర్‌కు మెసేజ్ పెట్టాడు: “అన్నా, ఇందులో ఇంపార్టెంట్ ఏవి?”

కాసేపటికి జవాబు వచ్చింది. “మా టైంలో నేనూ ఓపెన్ చేయలేదు తమ్మీ. మా సీనియర్‌ని అడిగి చెప్తా.”