రెండో జాయ్‌స్టిక్ వాంగ్మూలం

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫొటో పడింది. పసుపు రంగు వీడియో గేమ్ క్యాసెట్, పక్కన ఒక జాయ్‌స్టిక్. 'ఇది చూసి కళ్ళు చెమర్చకపోతే నువ్వు నైంటీస్ కిడ్‌వే కాదు' అని కింద రాసుంది. పది నిమిషాల్లో పద్నాలుగు ఏడుపు బొమ్మలు వచ్చాయి. పద్నాలుగూ మగవాళ్ళవే. నేను వెళ్ళి అద్దంలో చూసుకున్నాను. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఆధార్ కార్డు ఏం చెప్పినా సరే, నేను నైంటీస్ కిడ్‌ను కాదని తేలిపోయింది.

నలభై దాటిన మగవాళ్ళకు షుగరు, బీపీలతో పాటు వస్తున్న ఈ కొత్త జబ్బు లక్షణాలు మీకు చెప్పక్కర్లేదు. మీ ఇంట్లోనూ ఒకరుంటారు. ఒక చేతిలో తన ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో కొడుకు ఫోన్ లాక్కుంటూ 'మా రోజుల్లో గేములంటే...' అని మొదలుపెడతాడు. ఎవరూ అడక్కుండానే కాంట్రా అనే తుపాకుల ఆటలో ముప్ఫై లైఫులు వచ్చే కోడ్ అప్పజెబుతాడు. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ. బ్యాంకు ఓటీపీని చదివిన మరుక్షణం మర్చిపోయే మనిషికి ఇది మాత్రం అర్ధరాత్రి లేపి అడిగినా వస్తుంది. కాంట్రా తయారుచేసిన కొనామీ కంపెనీలో కజుహిసా హషిమోతో అనే ఆయన 1986లో గ్రాడియస్ అనే ఆటను ఇంటి మెషీన్‌కు మారుస్తూ, అది మరీ కష్టంగా ఉండటంతో తను పరీక్షించుకోవడానికి ఆ కోడ్ పెట్టుకున్నాడు. ఆట బయటికొచ్చేటప్పుడు దాన్ని తీసెయ్యలేదు. పాపం, ఆయన మర్చిపోయాడు. మావాళ్ళు ఈ రోజుకీ మర్చిపోలేదు.

ఫొటో పెట్టింది మా పెదనాన్న కొడుకు. ఫొటోతో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. దసరాకి అందరం మియాపూర్‌లో వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళాం. భోజనాలయ్యాక అన్నయ్య లోపల్నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి టీపాయ్ మీద పెట్టాడు. పెట్టె విప్పాడంటే తప్పు, ఆవిష్కరించాడు. ఆన్‌లైన్‌లో తెప్పించాడట. 620 గేములు, రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక గన్. ఏడువందలవ ఆటకి మొదటి ఆటే మళ్ళీ వచ్చే 'తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల ఇన్ వన్' క్యాసెట్లు చూసిన వంశం మాది. 620 అంటే నిజాయితీగానే ఉందనిపించింది.

ముందు వైర్ల ఘట్టం. పసుపు, ఎరుపు, తెలుపు. యాభై ఐదంగుళాల టీవీకి ఆ రంగుల రంధ్రాలు ఎక్కడున్నాయో వెతకడానికి నలుగురు మగవాళ్ళు టీవీ వెనక్కి దూరారు. నలుగురికీ కలిపి ఒక్క టార్చి, నాలుగు అభిప్రాయాలు. అరగంటకు బొమ్మ వచ్చింది. అంత పెద్ద తెర మీద మారియో బూందీ లడ్డూలా ఏ పలుకుకా పలుకు విడిపోయి కనిపించాడు. అయినా గదిలో నిశ్శబ్దం. బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వదిన గారెలు తెచ్చిపెడితే ఎవరూ ఆమె వైపు చూడలేదు గానీ గారెలు మాత్రం అయిపోయాయి.

తర్వాత బాతుల వేట. అన్నయ్య గన్ పట్టుకుని సోఫా ముందు ఒక మోకాలు మీద కూర్చున్నాడు. రెండో మోకాలు ఒప్పుకోలేదు. బాతు ఎగిరింది, కాల్చాడు, బాతు వెళ్ళిపోయింది. గడ్డిలోంచి కుక్క లేచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. మళ్ళీ కాల్చాడు, మళ్ళీ నవ్వింది. దగ్గరికి జరగమన్నాడు బావ. గన్ తెరకు ఆనించి కాల్చినా కుక్క నవ్వింది. చిన్నాన్న కొడుకు గన్ లాక్కుని గొట్టంలోకి ఊదాడు. ఇంకొకాయన గది లైట్లు ఆర్పించాడు. ఆర్పిన చీకట్లో పిల్లాడొకడు గారెల పళ్ళెంలో కాలేశాడు. టీవీ పక్కన రెండు తట్టమన్నాడు బావ, అదేదో మా పాత డయనోరా డబ్బా టీవీ అయినట్టు. తట్టబోయాడు కూడా. వదిన వంటింట్లోంచి 'దానికింకా ఈఎంఐ కడుతున్నాం' అని అరిచింది. అప్పటికి కుక్క ఎన్నిసార్లు నవ్విందో లెక్కపెట్టడం నేను మానేశాను.

నాకు కారణం తెలుసు, చెప్పాను. ఆ గన్‌లోంచి ఏమీ బయటికి రాదు, దానికున్నది కన్ను. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, ఆ వెంటనే బాతు ఉన్న చోట తెల్ల డబ్బా వెలుగుతుంది. గన్ ఆ వెలుగు కోసం చూస్తుంది. పాత డబ్బా టీవీ సిగ్నల్ అందిన క్షణంలోనే గీత తర్వాత గీతగా బొమ్మ గీసేసేది. ఈ ఎల్‌ఈడీ టీవీ బొమ్మను సరిచేసుకుని, నిదానంగా చూపిస్తుంది. ఆ వెలుగు వచ్చేసరికి గన్ చూడ్డం అయిపోతుంది. కాబట్టి ఈ టీవీ మీద ఈ గన్ ఈ జన్మలో పని చెయ్యదు.

అన్నయ్య తల తిప్పకుండానే అన్నాడు: 'నువ్వాగవే, నీకు తెలీదు.'

1994లో గుడివాడలోనూ ఇదే మాట. గొంతు ఒక్కటే మారింది.

పైగా ఆ వెంటనే పిల్లల వైపు తిరిగి 'మా చిన్నప్పుడు మేమంతా కలిసి ఆడుకునేవాళ్ళంరా' అన్నాడు. ఆ 'కలిసి' దగ్గరే నా పేచీ. వేసవి సెలవుల్లో పెదనాన్నగారింట్లో ఐదుగురు పిల్లలం. టీవీ గేమ్ అద్దెకు తెచ్చుకోవడానికి తలా పది రూపాయలు వేసుకున్నాం. నాకు ఆడపిల్లల రాయితీ ఇవ్వలేదు, నేనూ పదే ఇచ్చాను. ఆ పది రూపాయలకు నాకు దక్కింది రెండో జాయ్‌స్టిక్.

రెండో జాయ్‌స్టిక్ గురించి తెలియని అదృష్టవంతులకు కొంచెం చరిత్ర. 1983లో జపాన్‌లో నింటెండో ఫామికామ్ అనే మెషీన్ తెచ్చింది. మన బజార్లో రకరకాల పేర్లతో దొరికినవన్నీ దాని నకళ్ళే. అసలు మెషీన్‌లోనే రెండో జాయ్‌స్టిక్‌కు స్టార్ట్ బటన్ లేదు, సెలెక్ట్ బటన్ లేదు. బదులుగా ఒక మైకు పెట్టారు. అంటే ఆట మొదలుపెట్టే హక్కు లేదు, ఆపే హక్కు లేదు, కావాలంటే అరుచుకోవచ్చు. మా అద్దె పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆ మైకు కూడా లేదు.

మారియోలో రెండో మనిషికి లూయీజీ వస్తాడు. మారియో చచ్చేదాకా లూయీజీకి వంతు రాదు. మా అన్నయ్య బాగా ఆడేవాడు. ఎంత బాగా అంటే, నేను మధ్యలో లేచి వెళ్ళి అన్నం తిని, చెయ్యి కడుక్కుని, పెద్దమ్మకు కరివేపాకు దూసిచ్చి వచ్చినా మారియో బతికే ఉండేవాడు. కాంట్రాలో అయితే ఇద్దరం ఒకేసారి ఆడొచ్చు. మూడో లెవెల్ జలపాతం. ఎక్కుతూ పోవాలి. ముందెక్కిన వాడితో పాటే తెర పైకి పోతుంది, కింద మిగిలినవాళ్ళు తెర అంచు తగిలి చచ్చిపోతారు. శత్రువు కాల్చక్కర్లేదు. అన్న పైకెక్కితే చాలు. ప్రతిసారీ ఎక్కేవాడు. 'నీకు రాదు, నీవల్ల లైఫులు వేస్ట్' అని జాయ్‌స్టిక్ తీసుకుని పక్కవాడికిచ్చేవాడు.

నాకు శాశ్వతంగా ఉన్న ఉద్యోగం క్యాసెట్ ఊదడం. తెర మీద గీతలొస్తే నన్ను పిలిచేవాళ్ళు. నా ఊదుడులో ఏదో మహత్తు ఉందని చాలాకాలం నమ్మాను. ఊదడం వల్ల ఒరిగేదేం లేదట. తీసి మళ్ళీ పెట్టడం వల్ల పిన్నులు సరిగా తగిలి పనిచేసేదట. నోటి తడికి పిన్నులు పాడవుతాయి, ఊదొద్దని నింటెండోనే చెప్పింది. అంటే ఆ ఇంట్లో నాకిచ్చిన ఒకే ఒక్క ఉద్యోగం మెషీన్‌ను చెడగొట్టడం.

ఇదంతా నవ్వుతూనే చెప్పాలనుకున్నాను. కానీ బస్టాండు పక్కన గంట లెక్కన ఆడించే వీడియో గేమ్ షాపు గురించి బావా అన్నయ్యా పంచుకున్న మురిపెం విన్నాక నవ్వు రాలేదు. ఆ షాపు లోపల ఎలా ఉంటుందో నాకు ఈ రోజుకీ తెలీదు. రిక్షాలో పోతుంటే ఆకుపచ్చ పరదా కనిపించేది, లోపల్నుంచి తుపాకుల మోత వినిపించేది. 'అక్కడన్నీ మగపిల్లలు' అంది అమ్మ. నాకు పన్నెండు వచ్చిన వేసవిలో పెదనాన్నగారింట్లో టీవీ గదిలోకి కూడా వద్దన్నారు. 'పెద్దదానివయ్యావు, ఇంకా ఈ ఆటలేంటి' అన్నారు. అన్నయ్యకు అప్పుడు పదిహేను. ఆయన పెద్దవాడు కాలేదు. నలభై నాలుగొచ్చినా ఇంకా కాలేదు, దానికి పద్నాలుగు మంది కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు! మీకు బాల్యం దొరికింది, ఆడుకున్నారు, సంతోషం. దాన్ని 'మన బాల్యం' అని నా ఫోనుకు పంపకండి. అందులో పది రూపాయలు నావి. అవి తిరిగివ్వండి, నేనూ ఒక ఏడుపు బొమ్మ పెడతాను.

సరే, మళ్ళీ హాల్లోకి. అన్నయ్య కూతురికి తొమ్మిదేళ్ళు. చాలాసేపట్నుంచి 'నాన్నా, నాకోసారి ఇవ్వవా' అంటోంది. 'నీకు రాదమ్మా, ముందు చూసి నేర్చుకో' అంటున్నాడు. అది మొహం ముడుచుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఆట ఎంచుకోవడానికి వాడి పడేసిన జాయ్‌స్టిక్ సోఫా మీద ఉంది. స్టార్ట్, సెలెక్ట్ రెండూ ఉన్న మొదటి జాయ్‌స్టిక్.

బాతుల వేటలో ఒక విషయం ఉంది. ఒక్క బాతు ఎగిరే ఆట పెట్టుకుంటే, గన్ ఒకరి చేతిలో ఉండగా జాయ్‌స్టిక్ పట్టుకున్న మనిషి బాతును తిప్పొచ్చు. అసలు ఆటతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. మన నకిలీ క్యాసెట్లతో పుస్తకాలెక్కడివి? మా ఇంట్లో ఇన్నేళ్ళూ ఎవరికీ తెలీదు.

జాయ్‌స్టిక్ తీసి పిల్ల ఒళ్ళో పెట్టాను. దాని బొటనవేలు ఎడమ గుర్తు మీద పెట్టి నొక్కాను. తెర మీద బాతు ఎడమకు తిరిగింది.

పిల్ల నా మొహంలోకి చూసింది. నేను చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నాను.

'ఈ బాతు మహా తెలివైందిరోయ్' అన్నాడు అన్నయ్య, గన్‌లోకి మళ్ళీ ఊదుతూ.

'ఇప్పుడు కుడికి' అన్నాను పిల్ల చెవిలో.