నూరు డిగ్రీల తపస్సు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పిన మన పెద్దలు కంప్యూటర్‌కు మెదడైన ప్రాసెసర్ల విషయంలో ఏ సూచనా చేయకుండానే వెళ్లిపోయారు. ఆ లోటును ఎవరో ఒకరు పూరించక తప్పదు కనుక, విజయవాడలో పై అంతస్తున, నేరుగా శ్లాబు కింద ఉన్న పదడుగుల గదిలో మూడు వేసవులుగా ఓవర్‌క్లాకింగ్ సాగిస్తున్న అనుభవంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మా శాఖను సమాజం అపార్థం చేసుకుంటోందన్న బాధ తప్ప ఇందులో స్వార్థమేమీ లేదు.

కంపెనీ నిర్ణయించిన వేగాన్ని మించి ప్రాసెసర్‌ను పరుగెత్తించడమే ఓవర్‌క్లాకింగ్. కంప్యూటర్ మూల సెట్టింగులు ఉండే బయోస్‌లోకి వెళ్లి మల్టిప్లయర్ అనే గుణకాన్ని 50 నుంచి 53కు మారిస్తే, బేస్ క్లాక్ అనే 100 మెగాహెర్ట్‌జ్ మూల వేగం మీద 5 గిగాహెర్ట్‌జ్ కాస్తా 5.3 అవుతుంది. ఇంతవరకూ చిన్నపిల్లలు కూడా చేయగలరు. ఆ వేగానికి తగిన వోల్టేజీ ఇవ్వకపోతే కంప్యూటర్ ఆగిపోయి నీలి తెర వస్తుంది, ఇస్తే వేడి వస్తుంది. ఈ రెండింటి మధ్య సాగేదే మా సంసారం.

వేడి సంగతి దాచవలసిన అవసరం నాకు లేదు. చిప్పు తినే కరెంటు వేగానికి అనులోమంగా పెరుగుతుంది, వోల్టేజీకి మాత్రం దాని వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. నేను వోల్టేజీని 1.25 నుంచి 1.375కు, అంటే సరిగ్గా పదోవంతు పెంచాను. 1.1 వర్గం 1.21, దాన్ని వేగంలోని పెరుగుదల 1.06తో గుణిస్తే దాదాపు 1.28. అంటే 6 శాతం వేగం కోసం 28 శాతం అదనపు కరెంటు. వేడెక్కిన చిప్పులోంచి ఏ పనీ చేయకుండా కారిపోయే కరెంటు దీనికి కొసరు. ఈ లెక్కను నేను సగర్వంగా కాగితం మీద వేసి చూపించినప్పుడు, హైస్కూల్లో లెక్కలు చెప్పే మా ఆవిడ కళ్లజోడు సవరించుకొని, ‘ఆరు రూపాయల లాభం కోసం ఇరవై ఎనిమిది రూపాయలు ఖర్చు పెట్టేవాణ్ణి ఎవరైనా కొట్టు మీద కూర్చోబెడతారాండీ?’ అని అడిగింది. లెక్కలు వచ్చినవారికి కళలు అర్థం కావని అంటారు.

నిజానికి ఈ విద్య పుట్టుకతో పొదుపరి విద్యే. 1998లో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ ప్రాసెసర్‌ను తెచ్చి, మదర్‌బోర్డు మీది బస్ వేగాన్ని, అంటే నాటి మూల వేగాన్ని, 66 నుంచి 100 మెగాహెర్ట్‌జ్‌కు మారిస్తే, 300 మెగాహెర్ట్‌జ్ చిప్పు 450తో పరుగెత్తి, అంతకు ఎన్నో రెట్లు ధర పలికే పెంటియం 2 పక్కన నిలబడేది. ఆ తరువాత ఇంటెల్‌కు పోటీ కంపెనీ అయిన ఏఎమ్‌డీ అథ్లాన్ చిప్పుల రోజుల్లో, చిప్పు పైన తెగి ఉన్న సన్నని వంతెనలను మామూలు పెన్సిలుతో గీసి కలిపితే చాలు, గ్రాఫైట్ గుండా విద్యుత్తు పారి, కంపెనీ వేసిన మల్టిప్లయర్ తాళం ఊడిపోయేది. అది మధ్యతరగతి స్వర్ణయుగం. కంపెనీలు ఆ తరువాత మేల్కొన్నాయి. ఇప్పుడు ఇంటెల్‌లో పేరు చివర ‘కె’ అనే అక్షరం ఉన్న ప్రాసెసర్‌ను ఎక్కువ ధర పెట్టి కొంటేనే మల్టిప్లయర్ తాళం తీసి ఇస్తారు. తాళం తీసినందుకు డబ్బు తీసుకుంటారు, తలుపు తీశారు కదా అని వారంటీ నిరాకరిస్తారు. ఓవర్‌క్లాక్ చేసి కాల్చుకున్నవారికి ఒక్కసారి కొత్త చిప్పు ఇచ్చే బీమా పథకం ఒకటి ఇంటెల్‌కు ఉండేది. దాన్నీ 2021లో ఎత్తేశారు. మా వల్ల బీమా కంపెనీలే బెదిరిపోతాయన్న మాట బయట ప్రచారంలో ఉంటే, దాన్ని ఖండించే ఉద్దేశం నాకు లేదు.

తపస్సు అన్న మాటలోనే తాపం ఉంది. పూర్వం ఋషి తపస్సు ముదిరి, ఆ వేడి స్వర్గానికి సోకగానే ఇంద్రుడు అప్సరసను పంపేవాడు. ఇప్పుడు చిప్పు వేడి 100 డిగ్రీలు సోకగానే దాని లోపలి కాపలా వ్యవస్థ థ్రాట్లింగ్‌ను పంపుతుంది. థ్రాట్లింగ్ అంటే, ప్రాసెసర్ తన ప్రాణం కాపాడుకోవడానికి తానే వేగం తగ్గించుకోవడం. వేడి తాళలేక వెనక్కి తగ్గడం కంపెనీలకూ కొత్త కాదు. 4 గిగాహెర్ట్‌జ్ పెంటియం 4 తెస్తామని మాటిచ్చి తేలేకపోయిన ఇంటెల్ అధిపతి క్రెయిగ్ బారెట్ 2004 అక్టోబరులో ఒక సభావేదిక మీద అక్షరాలా మోకాళ్ల మీద కూర్చొని క్షమాపణ కోరారు. మా ఇంట్లో ఆ స్థాయి పశ్చాత్తాపాన్ని ఎవరూ ఆశించవద్దని ముందే చెప్పి ఉంచాను.

ఇక థర్మల్ పేస్టు. ప్రాసెసర్ మూత, దాని మీద కూర్చొని చల్లబరిచే కూలర్ అడుగు ఎంత నున్నగా కనిపించినా వాటి మీద కంటికి కనబడని గుంటలు ఉంటాయి, ఆ గుంటల్లో గాలి ఉంటుంది, గాలి వేడిని మోయదు. ఆ గాలిని తరిమి చోటు ఆక్రమించడమే పేస్టు చేసే పని. ఇంత చిన్న విషయంలో మాలో ఎన్ని మతాలు ఉన్నాయో చెబితే నమ్మరు. నిలువుగీత పెట్టేవారు అడ్డగీతలవారి ఇంట నీళ్లు ముట్టరు. నడిమధ్యన బటానీ గింజంత బొట్టు పెట్టేవారు ఈ ఇద్దరినీ చూసి జాలిపడతారు. మూత మొత్తానికి విభూతిలా పూసేవారు వేరే తెగ. పై నుంచి కూలర్‌ను బిగించగానే ఏ నామమైనా నలిగి ఇంచుమించు ఒకే ఆకారానికి వస్తుందన్న సత్యాన్ని ఎవరూ బయటికి అనరు, అంటే వాదించడానికి ఏమీ మిగలదు.

గాలి కూలర్ చాలక నేను నీటి కూలర్‌కు మారాను. చిప్పు నెత్తిన ఒక బ్లాకు, దానిలోకి పంపు తోసే నీరు, ఆ నీరు రేడియేటర్‌లో తిరిగి చల్లబడి మళ్లీ నెత్తి మీదికి రావడం, ఇదంతా చూసిన మా అమ్మ, ‘హాలాహలం మింగిన శివుడికి ధారాపాత్ర కట్టినట్టుందిరా’ అని చేతులు జోడించింది. భక్తి మంచిదే గానీ, ఇక్కడొక భౌతికశాస్త్ర రహస్యం ఉంది. ఏ కూలరూ వేడిని చంపదు. లంచగొండి అధికారిని బదిలీ చేసినట్టుగా దాన్ని మరో చోటికి పంపుతుంది, అంతే. చిప్పులో పుట్టిన 250 వాట్లు నీటిలోకి, నీటిలోంచి రేడియేటర్‌లోకి, అక్కడి నుంచి నా పదడుగుల గదిలోకి బదిలీ అవుతాయి. చిన్న హీటర్ ఒకటి పెట్టుకొని మే నెలలో కిటికీలు మూసుకున్న ఫలితం దక్కుతుంది.

అందరూ మరచిపోయే సంగతి కూడా ఇక్కడే ఉంది. గాలి కూలర్ అయినా నీటి కూలర్ అయినా చిప్పును గదికన్నా చల్లగా చేయలేదు. గది ఉష్ణోగ్రతకు పైన ఎంత అన్నదే దాని లెక్క. యూరప్‌లో ఎవరో 22 డిగ్రీల గదిలో కూర్చొని, ఈ కూలర్‌తో చిప్పు 82 దాటలేదని మెచ్చుకుంటే, ఆ మెచ్చుకోలుకు అర్థం గది మీద 60 డిగ్రీలు అని. అదే కూలర్, అదే చిప్పు, బెజవాడలో మధ్యాహ్నం 40 డిగ్రీల గదిలో పెడితే 40కి 60 కలిపి సరిగ్గా 100, అనగా థ్రాట్లింగ్ వాకిట్లో ఉంటాయి. మధ్యాహ్నం మూడు గంటలకు, ఆ వాకిలి కూడా దాటి, నా 5.3 గిగాహెర్ట్‌జ్ ప్రాసెసర్ 4.7కు దిగి, ముట్టుకోకుండా వదిలేస్తే పరుగెత్తే వేగం కన్నా నెమ్మదిగా నడిచిన సందర్భాలు ఉన్నాయి. అయితే అది ఓవర్‌క్లాక్ అయిన 4.7 అని గుర్తించాలి.

కాబట్టి ఏసీ అవసరమైంది. ఇంట్లో మనుషులకు ఉన్నది ఒకే కూలర్, అదీ గడ్డి చాపలు మార్చి రెండేళ్లయిన కూలర్. దాన్ని కంప్యూటర్ గదిలో పెడితే తేమ పెరుగుతుందని శాస్త్రీయంగా వివరించి, హాలులో పెట్టవలసిన ఏసీని నా గదిలో బిగించాను. ఏసీ వచ్చాక స్టెబిలైజర్, స్టెబిలైజర్ వచ్చాక వైరింగ్ మార్పు, కరెంటు పోతే బయోస్ సెట్టింగులు చెదురుతాయేమోనని యూపీఎస్, యూపీఎస్ మోయలేనంత భారం పడుతోందని పెద్ద యూపీఎస్. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చి సంసారి అయిన సన్యాసిని మనవాళ్లు కౌపీన సంరక్షణార్థం అంటూ ఎగతాళి చేస్తారు గానీ, ఆ సన్యాసి దగ్గర చివరికి ఒక ఆవు మిగిలింది. నా గదిలోని వేడిని ఇప్పుడు ఏసీ పక్కింటివారి కిటికీకి బదిలీ చేస్తోంది. వారితో మాటలు లేవు.

ఇంత చేసిన తరువాత చిప్పు నిలబడుతుందో లేదో పరీక్షించాలి. దీనికి ప్రైమ్95 అనే ప్రోగ్రాం ఉంది. మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట కోసం పుట్టిన ఈ ప్రోగ్రాంలో ఒక పరీక్ష పేరే టార్చర్ టెస్ట్. అది గంటల తరబడి పెద్ద పెద్ద లెక్కలు చేయించి, ముందే తెలిసిన జవాబులతో సరిచూస్తుంది. జవాబులు ముందే తెలిసినప్పుడు మళ్లీ ఎందుకు చేయించడం అని మా ఆవిడ అడిగింది. పరీక్షలు పెట్టే వృత్తిలో ఉన్న మనిషి అడగవలసిన ప్రశ్న కాదది. నాలుగు గంటల పరీక్షకు ఒక యూనిట్ కరెంటు చిప్పుదే అవుతుంది, ఏసీది వేరు. ఆ నాలుగు గంటల్లో క్యాబినెట్ పైనుంచి వచ్చే వేడిగాలి వృథా పోకూడదని మా అమ్మ దాని మీద పళ్లెంలో వడియాలు పెట్టింది. అవి సాయంత్రానికి గలగలలాడాయి. ఓవర్‌క్లాకింగ్ వల్ల మా కుటుంబానికి ఇంతవరకు కలిగిన స్థూల ఉత్పత్తి అదే.

మా శాఖలో మహర్షులు వేరే ఉన్నారు. వారు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిని చిప్పు మీది గిన్నెలో పోసి 8 గిగాహెర్ట్‌జ్ దాటించారు, ఫొటో తీసుకొనేంత సేపు. నేనూ ఆ మార్గం ఆలోచించకపోలేదు. మన పల్లెల్లో ద్రవ నత్రజని సులభంగా కనిపించే చోటు పశువైద్యశాల. పశువులకు సూది వేయడానికి మేలుజాతి ఆంబోతుల వీర్యాన్ని అందులోనే భద్రపరుస్తారు. మా స్వగ్రామంలో డాక్టరుగారిని కలిసి నా పరిశోధన అవసరం వివరించగా, ఆయన ఎంతో మర్యాదగా విని, ‘పశువు ఎన్నాళ్లనుంచి ఎదకు రావడం లేదండీ?’ అని అడిగారు.

ఇంతకీ ఈ తపస్సులో మాకు మిగిలిన చోటెంత అన్నది చూస్తే దుఃఖం వస్తుంది. ఈనాటి ప్రాసెసర్లు టర్బో పేరుతో తమను తామే ఓవర్‌క్లాక్ చేసుకుంటున్నాయి. ఇంటెల్ కోర్ ఐ9-13900కె పెట్టెలోంచి తీసిన వేగానికే 253 వాట్ల దాకా లాగుతుంది. ఏఎమ్‌డీ అయితే రైజెన్ 7000 చిప్పులు 95 డిగ్రీల వద్ద నడవడం వాటి స్వభావమేనని ప్రకటించింది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు అవసరాన్ని మించి వోల్టేజీ అడిగి దెబ్బతింటున్నాయని తేలి, 2024లో చిప్పును లోపలి నుంచి నడిపే మైక్రోకోడ్‌ను మార్చి, వారంటీని రెండేళ్లు పొడిగించవలసి వచ్చింది. వోల్టేజీ ఎక్కువిచ్చి చిప్పును చెడగొట్టడమనే మా కులవృత్తిని కార్ఖానాయే చేపడితే మేమెక్కడికి పోవాలి?

అయినా నేను వదలలేదు. ఈ ఏడాది రోహిణి కార్తె మొదలయ్యే ముందు పేస్టు మార్చాను, ఈసారి బటానీ మతం స్వీకరించి. ఫలితం అద్భుతం. రోళ్లు పగిలే ఎండలో కూడా చిప్పు 78 డిగ్రీలు దాటలేదు, ఫ్యాన్లు గొంతెత్తలేదు, నీలి తెర జాడ లేదు. పదిహేను రోజుల పాటు కనిపించిన ప్రతివారికీ బటానీ మహిమ చెప్పాను. నిలువుగీత పెట్టే ఒక మిత్రుణ్ణి దాదాపు మార్చేశాను కూడా. పదహారో రోజున, పదో తరగతి చదివే మా అబ్బాయి నా ఉపన్యాసం వింటూ వింటూ, ‘నాన్నా, ఆ మధ్య కంప్యూటర్ రెండుసార్లు లేవక బయోస్ తనంతట తానే రీసెట్ అయింది, ఎఫ్1 నొక్కమంటే నేనే నొక్కాను, అప్పటి నుంచీ మామూలు వేగంలోనే ఉంది’ అన్నాడు.

ఆ పదిహేను రోజులూ కంప్యూటర్ బాగా నెమ్మదించినట్టు నాకు ఇప్పుడు చాలా స్పష్టంగా గుర్తుకు వస్తోంది.