కన్సెంట్ ఫారంపై సంతకంతో రోగి హక్కులు పోవు

విశాఖపట్నంలో అపార్టుమెంట్ల, కాలనీ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. ఆపరేషన్‌కు ముందు కన్సెంట్ ఫారంపై సంతకం పెట్టినవారికి ఆ తర్వాత ఏం జరిగినా ఆసుపత్రిని అడిగే హక్కు ఉండదని, కేస్ షీట్, అంటే చికిత్స వివరాల రికార్డు, ఆసుపత్రి సొత్తు కనుక రోగికి ఇవ్వనక్కరలేదని, 2005 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో డాక్టర్లపై కేసులే చెల్లకుండా పోయాయని దాని సారాంశం. ఈ మూడు మాటలూ తప్పే. శ్రీకాకుళం, పార్వతీపురం ప్రాంతాల నుంచి వైద్యం కోసం ఈ నగరానికి వచ్చే కుటుంబాలు దీన్ని నమ్మి, అడగవలసింది అడగకుండా ఇంటికి వెళ్లిపోతే జరిగే అన్యాయం చిన్నది కాదు.

సంతకం అంటే ఫలానా చికిత్సకూ, ముందుగా వివరించి చెప్పిన ప్రమాదాలకూ ఒప్పుకోవడమే తప్ప, నిర్లక్ష్యానికి ఒప్పుకోవడం కాదు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఢిల్లీ కేసునే చూడండి. చిన్న గాటు ద్వారా కెమెరాతో కడుపు లోపల చూసే లాపరోస్కోపీ పరీక్షకు సంతకం చేసిన 44 ఏళ్ల మహిళ మత్తులో ఉండగా, తల్లి అనుమతి మాత్రమే తీసుకుని ఆమె గర్భసంచినీ అండాశయాలనూ తొలగించారు. ప్రాణానికి తక్షణ ముప్పు లేనప్పుడు, తన నిర్ణయం తాను చెప్పగల వయసున్న రోగికి మెలకువ వచ్చేవరకు ఆగవలసిందని కోర్టు స్పష్టం చేసి, ఆ ఆపరేషన్‌కు ఫీజు తీసుకునే హక్కు వైద్యులకు లేదని, పైగా 25 వేల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. చికిత్స ఎలాంటిది, ఎందుకు, వేరే మార్గాలేమున్నాయి, ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి రోగికి తెలియజేయాలని కూడా ఆ తీర్పే చెప్పింది. థియేటర్‌కు తీసుకెళ్తూ ఖాళీలు పూరించని ఫారంపై హడావుడిగా వేయించుకున్న వేలిముద్ర ఆ ప్రమాణానికి నిలవదు. అయితే అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా, ముందే చెప్పిన ప్రమాదం సంభవిస్తే దాన్ని నిర్లక్ష్యం అనకూడదు. ఆ తేడా చూడకుండా వైద్యులపై చేయి చేసుకోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

కేస్ షీట్ విషయంలో సందేహానికే తావు లేదు. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం రోగి గాని, అధీకృత సహాయకుడు గాని అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి; ఇవ్వకపోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. అభ్యర్థనను రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవడం మంచిది.

ఇక 2005 తీర్పు మాట్లాడింది క్రిమినల్ కేసుల గురించి. వైద్యుడిని నేరస్థుడిగా నిలబెట్టాలంటే తీవ్రమైన నిర్లక్ష్యం కనిపించాలని, దర్యాప్తు అధికారి ముందుగా స్వతంత్ర వైద్య నిపుణుడి అభిప్రాయం తీసుకోవాలని అది చెప్పింది. నిజాయితీగా పనిచేసే వైద్యులకు ఆ రక్షణ అవసరమే. పరిహారం కోరే దారిని మాత్రం అది మూయలేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని, బిల్లు బీమా సంస్థ చెల్లించినా అంతేనని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు ఆ చట్టానికి వెలుపల ఉన్నా, అక్కడి వైద్యుల ప్రవర్తనపైనా రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు సాధారణంగా రెండేళ్లు. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు కనుక, విశాఖలో చికిత్స చేయించుకున్న శ్రీకాకుళం వాసి అందుకోసం మళ్లీ ఇక్కడికి రానవసరం లేదు.