‘బాగుంది’ అన్న మాట మీద లక్షలు పెట్టకండి

ఏడాది కిందట తెనాలి నుంచి మా బంధువుల అబ్బాయి ఒకడు వచ్చి, యాప్‌లు తయారుచేసే ఒక ఏజెన్సీ ఇచ్చిన కొటేషన్ నా ముందు పెట్టాడు. ఇంటింటికీ పాలు పోసేవారి నెలవారీ లెక్కలు చూసే యాప్ అది. ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ కలిపి ఆరున్నర లక్షలు, అందులో సగం ముందుగానే చెల్లించాలి. ఆ సగం కోసం వాళ్ల నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయడానికి ఒప్పుకున్నారు. ఈ ఆలోచన ఎంతమందికి చెప్పావని అడిగితే, అరవై మందికి పైగా చెప్పానని, ఒక్కరు కూడా బాగాలేదని అనలేదని సంతోషంగా చెప్పాడు. నాకు భయం వేసింది సరిగ్గా అక్కడే.

ఇంటికి వచ్చిన కుర్రవాడు ఉత్సాహంగా తన ఆలోచన చెబుతుంటే ‘బాగుంది, చెయ్యి నాయనా’ అనడం మన దగ్గర మర్యాద. అలా అన్నవారు మోసగాళ్లేమీ కారు, నిజంగానే అతని మేలు కోరేవారు. కానీ ఆ మాట అనడానికి వారికి రూపాయి ఖర్చు లేదు, రేపు ఆ యాప్ వాడకపోతే పోయేదీ లేదు. ‘ఇలాంటి యాప్ వస్తే వాడతారా?’ అని అడిగితే ఎదుటివారు చెప్పేది రేపటి గురించిన ఊహ. అదే ‘పోయిన నెల పాల లెక్కలో తేడా వచ్చిందా, వస్తే ఏం చేశారు, ఆ ఇబ్బంది తీరడానికి ఇప్పటిదాకా ఏమైనా ఖర్చు పెట్టారా?’ అని అడిగితే జరిగిన సంగతి బయటికి వస్తుంది. డబ్బు పెట్టేముందు చేయవలసిన పరిశోధనలో సగం ఈ రెండు రకాల ప్రశ్నల మధ్య తేడా గ్రహించడంలోనే ఉందని నా నమ్మకం. మన యాప్ పేరు కూడా ఎత్తకుండా ఎదుటివారి దినచర్య గురించి అరగంట మాట్లాడగలిగితే, ఆ అరగంట పది సర్వే ఫారాల కంటే ఎక్కువ చెబుతుంది.

అందుకే ఒక ఆదివారం తెల్లవారుజామున మేమిద్దరం పాలు పోసే ఒకాయన వెంట తిరిగాం. బండికి రెండు వైపులా క్యాన్లు, హ్యాండిల్‌కు వేలాడుతున్న కొలత గిన్నె. దాదాపు ప్రతి వంటింటి గోడకూ ఒక క్యాలెండర్ ఉంది. తేదీ గడిలో ఇంటావిడ పెన్నుతో ‘అర’ అనో ‘1’ అనో రాస్తుంది, పాలు పోయించుకోని రోజు అడ్డగీత కొడుతుంది. నెలాఖరున ఇద్దరూ అదే కాగితం ముందు నిలబడి లెక్క చూసుకుంటారు. ఇద్దరి కళ్లెదుట ఉన్న కాగితం కాబట్టి తగాదా లేదు. మావాడి యాప్ తీర్చబోయిన సమస్యను కిరాణా కొట్టువాళ్లు ఉచితంగా ఇచ్చిన ఆ క్యాలెండర్ ఏనాడో తీర్చేసింది. పైగా, రెండు గంటల సేపు ఆయన చేతులు తడిగానే ఉన్నాయి, జేబులోని ఫోన్ ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

ఆయనకు నష్టం వస్తున్నది వేరేచోట. ఆ రోజు 27 ఇళ్లలో నాలుగింటికి తాళాలున్నాయి. ఊరెళ్తున్నామని ముందు రోజు చెప్పడం వాళ్లు మరిచిపోయారు. మిగిలిపోయిన పాలను ఆయన దారిలోని హోటల్‌కు తక్కువ ధరకు పోసి, పెద్దగా బాధపడకుండానే బండి తిప్పుకున్నారు. ఈ సంగతి అరవై మందిలో ఒక్కరూ మావాడికి చెప్పలేదు, ఎందుకంటే అతను అడగలేదు.

సమస్య నిజమైనదే అయినా మనకు మొదట తోచిన పరిష్కారం సరైనది కాకపోవచ్చు. ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకని ఫణీంద్ర సామా, బిట్స్ పిలానీలో తనతో చదివిన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి దాన్ని మొదలుపెట్టారు. వాళ్లు ముందుగా బస్సు ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. ఆపరేటర్లు దాన్ని తీసుకోవడానికి ముందుకు రాలేదు. అప్పుడు వాళ్లు సాఫ్ట్‌వేర్ కొనమని ప్రాధేయపడటం మాని, మీ సీట్లు మేము అమ్మిపెడతామన్నారు. 2006లో అలా మొదలైన సంస్థను 2013లో ఐబిబో గ్రూప్ కొనుగోలు చేసింది. కొత్త పద్ధతి నేర్చుకోమంటే కదలని వ్యాపారి, ఖాళీ సీటు అమ్ముడవుతుందంటే వింటాడు. ఈ తేడా ట్రావెల్స్ ఆఫీసుల చుట్టూ తిరిగినవారికే తెలుస్తుంది.

తిరిగి తెలుసుకున్న తరువాత కూడా వెంటనే యాప్ కట్టనక్కరలేదు. 1999లో అమెరికాలో ఆన్‌లైన్ చెప్పుల దుకాణం జాపోస్ స్థాపకుడు నిక్ స్విన్‌మర్న్, చెప్పుల దుకాణాలకు వెళ్లి ఫొటోలు తీసి వెబ్‌సైట్‌లో పెట్టి, ఆర్డర్ వస్తే అదే దుకాణంలో పూర్తి ధరకు కొని పంపించాడు. ఒక్కో జతకూ లాభం లేదు, కానీ చూడకుండా, తొడుక్కోకుండా జనం చెప్పులు కొంటారా అన్న ప్రశ్నకు గోదాము కట్టకుండానే జవాబు దొరికింది. బెంగళూరులో, అడిగిన సరుకులు ఇంటికి తెచ్చిచ్చే డన్‌జో కూడా మొదట ఒక వాట్సాప్ గ్రూపే.

అయితే డన్‌జో ఉదాహరణను ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. జనానికి ఆ సేవ కావాలన్నది వాట్సాప్ దశలోనే రుజువైంది. గూగుల్, రిలయన్స్ రిటైల్ వంటి సంస్థలు పెట్టుబడి పెట్టాయి. అయినా నగదు కొరతలో కూరుకుపోయి 2025 ఆరంభానికి ఆ యాప్ పనిచేయడం ఆగిపోయింది. గిరాకీ ఉందని తేలడం ఒక పరీక్ష, ఒక్కో ఆర్డర్ మీద చివరికి ఏమైనా మిగులుతుందా అన్నది మరో పరీక్ష. రెండోదాన్ని కాగితం మీద వేయడానికి కోట్లు అక్కరలేదు. మావాడి లెక్కే చూడండి. ఒక్కో పాలవ్యాపారి నెలకు వంద రూపాయలు ఇస్తాడనుకుందాం. రెండు వందల మందిని చేర్చినా నెలకు ఇరవై వేలు. సర్వర్ ఖర్చు, ఫోన్లు మారినప్పుడల్లా చేయవలసిన మార్పులు, ఊరూరా తిరిగి నేర్పించే మనిషి జీతం, పెట్రోలు అందులోంచే రావాలి. ఆరున్నర లక్షలు తిరిగి రావడం సంగతి అటుంచితే, ఆ మనిషి జీతానికే అది చాలదు.

ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని కూడా కొంత ఉంది. అలాంటి యాప్‌లు ప్లే స్టోర్‌లో ముందే ఉంటే బెంగపడనక్కరలేదు, అక్కడ గిరాకీ ఉందనడానికి అదొక సూచన. వాటికి ఒకటి, రెండు నక్షత్రాలు ఇచ్చినవారి అభిప్రాయాలన్నీ ఓపికగా చదవాలి, ఉచితంగా దొరికే ఫిర్యాదుల పుస్తకం అది. కొత్తగా తెరిచే వ్యక్తిగత డెవలపర్ ఖాతా నుంచి యాప్‌ను ప్లే స్టోర్‌లో విడుదల చేయాలంటే కనీసం 12 మంది వరుసగా 14 రోజులు దాన్ని పరీక్షించి ఉండాలన్నది గూగుల్ నిబంధన. చాలామంది దీన్ని విసుగు పుట్టించే అడ్డంకిగా చూస్తారు. బంధువులను పక్కన పెట్టి, నిజంగా ఆ ఇబ్బంది పడుతున్న 12 మందిని రెండు వారాలు నిలబెట్టుకోగలరో లేదో ఖర్చు పెట్టకముందే తమను తాము ప్రశ్నించుకోవడానికి అదే మంచి అవకాశమని నేనంటాను.

ఇక, ఆలోచన బయటికి చెబితే ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయంతో నోరు మెదపనివారు ఉన్నారు. మన చట్టం రాసిన కోడ్‌కు కాపీరైట్ ఇస్తుంది, ఆలోచనకు ఇవ్వదు. పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(కె) కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్‌గా ఉన్నదానికి పేటెంట్ లేదంటుంది. దాచిపెట్టినంత మాత్రాన దక్కే హక్కు ఏదీ లేనప్పుడు, దాచడం వల్ల పోయేది మాత్రం ఆ పాలాయన వంటివారి మాట వినే అవకాశం.

మావాడు ఏజెన్సీకి ఫోన్ చేసి గడువు అడిగాడు. నలుగురు పాలవ్యాపారులను ఒప్పించి, వారి ఖాతాదారుల ఇళ్లకు ఒక వాట్సాప్ నంబర్ ఇచ్చాడు. రేపు పాలు వద్దనుకున్నవారు రాత్రి తొమ్మిదిలోపు ఆ నంబర్‌కు కబురు పెట్టాలి. తొమ్మిదిన్నరకు ఆ చిట్టా చూసి తానే వ్యాపారులకు ఫోన్ చేసి చెప్పేవాడు. మొదలుపెట్టే ముందు నా పట్టుదల మీద ఒక కాగితంపై తేదీ వేసి రాశాడు: నెలాఖరుకు నలుగురిలో ముగ్గురు వంద రూపాయలు చేతిలో పెట్టాలి, లేకపోతే ఏజెన్సీకి అడ్వాన్సు ఇవ్వకూడదు. ముందే రాసుకోకపోతే ఫలితం వచ్చాక మనసు దానికి తగ్గట్టు లెక్క మార్చుకుంటుంది.

నెలాఖరున ఇద్దరు ఇచ్చారు. మూడో ఆయన వచ్చే నెల చూద్దామన్నారు, నాలుగో ఆయన ఫోన్ ఎత్తలేదు. నెలంతటికీ రీచార్జికి, పెట్రోలుకు కలిపి పదకొండు వందలు ఖర్చయింది. వాళ్ల నాన్న డిపాజిట్ బ్యాంకులోనే ఉంది. మావాడు ఇప్పుడు పాలవ్యాపారులను వదిలి, మిగిలిన పాలు కొనే హోటళ్లవాళ్లను ఉదయం ఏ వేళకు ఎన్ని లీటర్లు కావాలో, పోయిన వారం ఎన్నిసార్లు తక్కువ పడ్డాయో అడుగుతూ తిరుగుతున్నాడు.