మామ్మ నూనె, మామ్మ చుట్ట

మొన్న ఇక్కడ పరదేశంలో మన సంక్రాంతి సంబరాల్లో, వేదిక మీద హాస్యనాటికలో, ఒక శ్రీకాకుళం మామ్మ చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకుంది. హాలంతా ఘొల్లుమంది. బయట అరిసెల బల్లని ఆనుకుని ఆరోగ్యం బల్ల. దాని మీద ఆయిల్ పుల్లింగ్‌కి, అంటే నోట్లో పుక్కిట పట్టడానికి, నువ్వులనూనె సీసాలు, వాటికి ‘మన మామ్మల రహస్యం’ అని చీటీ. షుగరు, కీళ్లనొప్పులు, ఆస్తమా, మైగ్రేను అన్నీ పోతాయట. లోపల నవ్విందీ బయట దండం పెట్టిందీ ఒకే మామ్మకి. ఆమె నోట్లో ఏముందో మాత్రం ఎవరూ చూడలేదు.

ముందు నూనెకి న్యాయం చేద్దాం. పుక్కిట పట్టడం మనకి కొత్త కాదు. చరక సంహిత సూత్రస్థానం అయిదో అధ్యాయంలో దినచర్యలో భాగంగానే ఉంది. దవడకీ గొంతుకీ బలం, నోటికి రుచి, పెదవులు పగలకపోవడం, పళ్లు పుచ్చకపోవడం, పులుపు తగిలినా జివ్వుమనకపోవడం... ఫలితాలన్నీ మెడకి పైనే. షుగరు లేదు, కీళ్లు లేవు. మరో ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయమైతే నిత్యం పుక్కిట పట్టడానికి నువ్వులనూనె గానీ మాంసరసం గానీ అంది (మాంసరసం సీసాలు ఏ బల్ల మీదా కనిపించలేదు లెండి). ఇప్పటి సర్వరోగాల చిట్టా 1990ల్లో కరాచ్ అనే ఉక్రెయిన్ వైద్యుడి పేరుతో, పొద్దుతిరుగుడు నూనెతో పాటు మనదాకా వచ్చింది. దాన్ని మామ్మకి అంటగట్టడం అచ్చంగా పుక్కిటి పురాణం.

శాస్త్రంలో రెండు మాటలున్నాయి. నోరు కదపడానికి వీల్లేనంత నిండుగా పట్టి ఉంచితే గండూషం. సులువుగా అటూ ఇటూ తిప్పగలిగినంత పోసుకుంటే కవలం. మనం ఆయిల్ పుల్లింగ్ అంటున్నది రెండోదే. దానికి పెద్ద చెంచాడు, అంటే 10 నుంచి 15 మిల్లీలీటర్లు చాలు. కొత్తవాళ్లు చిన్న చెంచాతో, అయిదు నిమిషాలతో మొదలుపెట్టాలి. పొద్దున్నే పరగడుపున కూర్చుని, గడ్డం కాస్త కిందికి వంచి, పళ్ల సందుల్లోంచి మెల్లగా లాగుతూ తిప్పాలి. తల వెనక్కి వాల్చి గొంతులో గరగరలాడించకూడదు. చిక్కటి నూనె లాలాజలంతో కలిసి పల్చనై, తెల్లగా పాలలా మారుతుంది. అది ఒంట్లోంచి బయటపడ్డ విషం కాదు, మజ్జిగ చిలికినట్టు నూనే నీరూ చిలికిన ఫలితం. మింగకుండా ఉమ్మేసి, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అరచెంచా ఉప్పు వేసుకుని పుక్కిలించి, ఆ తర్వాత ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవాలి. ఈ ఆఖరి పని మానేస్తే ముందు చేసిందంతా దండగ. పావుగంట దాటించాలని పంతం పట్టినవాళ్లకి సాయంత్రానికి దవడ పట్టేస్తుంది. బుగ్గలు ఉబ్బేలా గట్టిగా తిప్పడం వల్లే అది. నెమ్మదిగా తిప్పినా సరిపోతుంది.

ఇక్కడ పరదేశంలో మనవాళ్లు చేసే పొరపాట్లు వేరు. ఆసియా దుకాణాల్లో దొరికే ముదురు గోధుమరంగు నువ్వులనూనె వేయించిన గింజలది, వంటలో వాసనకి నాలుగు చుక్కలు వేసుకునేది. మనకి కావలసింది పచ్చి గింజల గానుగ నూనె. దీపారాధన నూనెని అదే ఇదనుకుని నోట్లో పోసుకోకండి. అందులో ఏమేం కలిపారో చెప్పలేం, చాలా సీసాల మీద తినడానికి కాదని రాసే ఉంటుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. చలికాలంలో సింకులో ఉమ్మితే కొన్నాళ్లకి ప్లంబర్‌ని పిలవాల్సి వస్తుంది కాబట్టి కాగితంలో ఉమ్మి చెత్తబుట్టలో వెయ్యండి. ఇంకో సంగతి: అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులు తొమ్మిదో ప్రధాన అలెర్జీ పదార్థం. బల్ల దగ్గర ఎవరికైనా సీసా అందించేముందు ఆ ఒక్క ప్రశ్నా అడగాలి కదా.

పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవాళ్లకీ, చిన్నపిల్లలకీ ఇది వద్దే వద్దు. నీళ్లు పొలమారితే దగ్గు తన్నుకొస్తుంది. నూనె అలా కాదు, దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారి అక్కడే ఉండిపోతుంది. ఆయిల్ పుల్లింగ్ వల్ల ఇలా లిపోయిడ్ నిమోనియా (నూనె చేరి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) వచ్చిన సంగతి వైద్య పత్రికల్లో నమోదైంది. కట్టుడు పళ్లు తీసే చెయ్యాలి.

పని చేస్తుందా అంటే, కొంత. చెన్నై దంతవైద్యులు 2008, 2009ల్లో ప్రచురించిన రెండు పరీక్షల్లో పళ్లు పుచ్చజేసే సూక్ష్మజీవులు, చిగుళ్ల వాపు తగ్గాయి. ఒక్కో పరీక్షలో ఉన్నది 20 మంది కుర్రాళ్లే. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ దీన్ని సిఫారసు చెయ్యడం లేదు. బ్రష్షుకి తోడుగా చేసుకుంటే నష్టం లేదన్నది నా లెక్క.

ఇక చుట్ట సంగతి. అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం, మన ఉత్తరాంధ్ర జిల్లాల ఆడవాళ్ల అలవాటు. గాలికి నిప్పు ఆరదు, బూడిద బట్టల మీదా పనిమీదా రాలదు, పెద్దల కంట పడదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది. దీన్ని నవ్వులాటగా ఎవరు కనిపెట్టారో గాని వైద్యులు మాత్రం నవ్వలేదు. విజయనగరం జిల్లా ఇంకా పుట్టని రోజుల్లో శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు చూసి 1971లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారే. నిప్పు వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికి. ముందు అంగిలి తెల్లబడి, మధ్యలో ఎర్రటి చుక్కలు తేలతాయి. అవి వాచిన లాలాజల గ్రంథుల నోళ్లు. ఆ తర్వాత ఎర్రమచ్చలు, పుళ్లు, కొందరికి క్యాన్సరు. నూనె పుక్కిలిస్తే మంట చల్లబడుతుంది, పుండు పోదు. చల్లబడింది కదా అని మామ్మ మరో ఆరునెలలు ఆగుతుంది. నా భయమంతా అదే.

అందుకని కమిటీవారికి ఒక విన్నపం. వచ్చే సంక్రాంతికి ఆ బల్ల మీద సీసా ఉంచండి, చీటీ మార్చండి. పక్కన నోరు ఎలా చూడాలో చెప్పే కాగితం ఒకటి పెట్టండి. దసరా వెళ్లాక మంగళవారం పైడితల్లి సిరిమానుకి విజయనగరం వెళ్లేవాళ్లు మనలో ఎంతమంది లేరు! వెళ్లినప్పుడు, పొద్దున్నే, మామ్మ నూనె పుక్కిలించకముందే (నూనె పూత మెరుపులో మచ్చలు కనపడవు) కట్టుడు పళ్లు తీయించి, తల వెనక్కి వాల్చమని, ఫోను టార్చి వేసి అంగిలి చూడండి. తర్వాత నాలుక పక్కలు, నాలుక కింద, బుగ్గల లోపల. రెండు వారాలు దాటినా మానని పుండు, గరుకైన తెల్లమచ్చ, ఎర్రమచ్చ ఏది కనిపించినా దంతవైద్యుడి దగ్గరికి, అవసరమైతే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ‘నాకేటవుతాదిరా, ఇన్నేళ్లు తాగినాను’ అంటుంది. అననివ్వండి. ముందు ఆటో పిలవండి.