ఆరెంజ్ కౌంటీ: నీళ్లు ఎన్ని దారుల్లో వచ్చినా చేరేది ఒక్కచోటికే

మనవాళ్లు డిస్నీల్యాండ్ చూడ్డానికి వెళ్లే అనహైమ్‌లో కుళాయి నీళ్లలో కొంత ఒకప్పుడు ఎవరింటి టాయిలెట్ నుంచో బయల్దేరినదే. ఈ మాట వినగానే మొహం చిట్లించేవాళ్లుంటారు. దక్షిణ కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ వాటర్ డిస్ట్రిక్ట్ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది మాత్రం ఇదే.

1933లో ఏర్పడిన ఈ సంస్థ ఇంటింటికీ నీళ్లివ్వదు. భూగర్భ జలాన్ని కాపాడుతుంది. చుట్టుపక్కల నగరాలు బోర్ల నుంచి తోడుకుని, తోడినంతకు డబ్బు కడతాయి. దాదాపు 25 లక్షల మంది ఈ నీళ్ల మీదే ఎక్కువగా ఆధారపడ్డారు. 1950ల నాటికి తోడటం మితిమీరి సముద్రపు ఉప్పునీరు నేల కిందికి చొచ్చుకొచ్చింది. శాంటా అనా నది ఒక్కటీ చాలక కొలరాడో నది నీళ్లు కొని భూమిలోకి ఇంకించారు. తర్వాత ఉత్తర కాలిఫోర్నియా నీళ్లూ తోడయ్యాయి. కానీ రెండూ వందల కిలోమీటర్ల అవతలివి, రెండూ కొండల మీద మంచు పడితేనే వచ్చేవి. పైపులు రెండైనా రిస్క్ ఒకటే. మంజీరా, కృష్ణా, గోదావరి అంటూ హైదరాబాద్ దూరం పోతున్నదీ ఇదే దారిలో.

2008లో మొదలైన మురుగునీటి శుద్ధి ప్లాంటుతో లెక్క మారింది. సూక్ష్మ వడపోత, ఆర్వో, అతినీలలోహిత కాంతి దాటిన నీటిలో కొంత తీరం వెంబడి బోర్లలోకి పంపి ఉప్పునీటికి అడ్డుకట్ట వేస్తారు. మిగతాది అనహైమ్ చెరువుల్లో ఇంకిస్తారు. రోజుకు 7 కోట్ల గ్యాలన్లతో మొదలై 2023కి 13 కోట్ల గ్యాలన్లకు, అంటే సుమారు 49 కోట్ల లీటర్లకు పెరిగింది. వాన పడకపోయినా జనం స్నానాలు మానరు కదా!

సముద్రపు నీటిని మంచినీరు చేద్దామన్న హంటింగ్టన్ బీచ్ ప్రాజెక్టును 2022 మేలో తీరప్రాంత కమిషన్ తిరస్కరించింది. మురుగులో ఉప్పు సముద్రంలో కన్నా చాలా తక్కువ, కాబట్టి ఆర్వోకు కరెంటు ఖర్చూ తక్కువే. ఆ ప్రాజెక్టు పోయినందుకు బాధపడాల్సిన పని లేదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. నీళ్లు ఎన్ని దారుల్లో వచ్చినా దాచుకునే చోటు ఒక్కటే, నేల కింది ఆ జలనిల్వ. శాంటా అనా నదితో పాటు పీఫాస్ (ఏళ్ల తరబడి విరిగిపోని పారిశ్రామిక రసాయనాలు) కూడా అందులోకి దిగాయి. 2020లో రాష్ట్రం పరిమితులు బిగించగానే డజన్ల కొద్దీ బోర్లు ఆపేశారు. ఇప్పుడు ఒక్కో బోరు దగ్గరా వడపోత యంత్రాలు పెట్టుకుంటూ వస్తున్నారు. ఆ బోర్లు ఆగినన్నాళ్లూ నగరాలు దూరం నుంచి వచ్చే కొలరాడో, ఉత్తర కాలిఫోర్నియా నీళ్లనే ఎక్కువ ధర పెట్టి కొనుక్కోవాల్సి వచ్చింది.