పొట్ట డయాలసిస్ చేసుకునేవాళ్లు కదలకూడదా?

"సీఏపీడీ పేషెంట్లు వ్యాయామం చేయకూడదు. పొట్టలో రెండు లీటర్ల నీళ్లుంటాయి కాబట్టి హెర్నియా వస్తుంది. పైపు జారిపోతుంది. చెమట పడితే ఇన్ఫెక్షన్ వస్తుంది. డయాలసిస్ పేషెంట్‌కి విశ్రాంతే మందు. డాక్టర్లందరూ చెప్పేది ఇదే."

కిడ్నీ పేషెంట్ల కుటుంబాలుండే వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. సీఏపీడీ అంటే పొట్టలోకి పైపు ద్వారా బ్యాగులోని మందు నీళ్లు ఎక్కించి, కొన్ని గంటలయ్యాక దించేసి, ఇంట్లోనే చేసుకునే డయాలసిస్. పోయిన వారం మా పిన్ని కూడా పంపింది, "అక్కని నడిపించకురా" అని కింద రాసి మరీ.

మా అమ్మ నాలుగేళ్లుగా ఇంట్లోనే బ్యాగులు మార్చుకుంటోంది, రోజుకు నాలుగు. మొదటి ఏడాదిన్నర అచ్చం ఈ మెసేజ్‌లో ఉన్నట్టే బతికింది. అప్పుడు తను ఏం పోగొట్టుకుందో దగ్గరుండి చూశాను. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

చివరి మాటతోనే మొదలుపెడతాను.

"డాక్టర్లందరూ చెప్పేది ఇదే."

చాలామంది ఇలాగే చెబుతారన్నది నిజం. పైపు వేసి ఇంటికి పంపే ముందు సిస్టర్ మాకు అన్నీ ఓపిగ్గా నేర్పింది. చేతులు ఎలా కడుక్కోవాలి, మాస్క్ ఎప్పుడు పెట్టుకోవాలి, దించిన నీళ్లు మబ్బుగా కనిపిస్తే ఏం చేయాలి, అన్నీ. నడక గురించి అడిగితే మాత్రం "బరువులు ఎత్తకండమ్మా, ఎక్కువ శ్రమ పడకండి" అని ఊరుకుంది. ఎన్ని కిలోలు దాటకూడదు, ఎన్ని వారాలు ఆగాలి అన్నది ఎవరూ చెప్పలేదు. అమ్మకు ఆ మాట "కదలొద్దు" అన్నట్టే వినిపించింది. ఆ తర్వాత నెలనెలా రివ్యూకి వెళ్లాం. క్రియాటినిన్ చూశారు, హిమోగ్లోబిన్ చూశారు, కాళ్ల వాపు నొక్కి చూశారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారా అని ఒక్కరూ అడగలేదు.

వాళ్లకు శ్రద్ధ లేదని నేననను. వరండా నిండా జనం ఎదురుచూస్తుంటారు. వ్యాయామం సంగతి ఫిజియోథెరపిస్టు చూసుకుంటారని కిడ్నీ డాక్టర్ అనుకుంటారు. పొట్టకు పైపు ఉన్న మనిషిని ఫిజియోథెరపిస్టు అంతకుముందు చూసి ఉండకపోవచ్చు. ఏదైనా తేడా వస్తే తన మీదకు వస్తుందన్న టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. వద్దని చెప్పేస్తే ఆ క్షణానికి అందరికీ నిశ్చింత. దాని నష్టం నెలల తర్వాత, ఇంట్లో, మంచం దగ్గర తెలుస్తుంది.

అయితే "డాక్టర్లందరూ" అన్న మాట తప్పు. అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలసిస్ (అంటే ఈ పొట్ట డయాలసిస్) సంఘం, కిడ్నీ రోగుల వ్యాయామం మీద పనిచేసే గ్రెక్స్ అనే నిపుణుల బృందంతో కలిసి 2022లో ప్రత్యేకంగా దీని మీదే సిఫార్సులు ఇచ్చింది. ఈ డయాలసిస్ చేసుకునేవాళ్లు చురుగ్గా ఉండాలి, వ్యాయామం చేయాలి అన్నదే అందులోని సారాంశం. ఈ విషయంలో పరిశోధనలు తక్కువని కూడా వాళ్లు దాచలేదు. కిడ్నీ జబ్బుల మార్గదర్శకాలు తయారుచేసే కేడిగో సంస్థ కూడా 2024లో, శరీరం సహకరించినంత మేరకు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలని చెప్పింది.

"హెర్నియా వస్తుంది."

ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. పొట్టలో నీళ్లుంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఈ పేషెంట్లలో హెర్నియాలు వస్తాయి కూడా. కానీ ఏ పని చేస్తే ఎంత ఒత్తిడి పడుతుందో కొలిచి చూసినవాళ్లున్నారు. అమెరికాలోని మిస్సోరీలో ట్వార్డోవ్‌స్కీ అనే డాక్టర్ బృందం సీఏపీడీ పేషెంట్ల మీద చేసిన ఆ పరిశీలన 1986లో అచ్చయింది. అన్నిటికన్నా ఎక్కువ ఒత్తిడి కనిపించింది దగ్గినప్పుడు, ముక్కినప్పుడు. బరువులు ఎత్తినప్పుడు ఎంత బరువైతే అంత ఒత్తిడి.

ఇది చదివినప్పుడు నాకు మా ఇంటి సంగతే గుర్తొచ్చింది. అమ్మను వీధి చివరి దాకా కూడా నడవనివ్వలేదు. మలబద్ధకంతో ఆమె రోజూ బాత్రూమ్‌లో ముక్కుతూ అవస్థపడుతుంటే దాన్ని మాత్రం ఎవరం పట్టించుకోలేదు. పొడిదగ్గు మూడు వారాలున్నా సిరప్‌తో సరిపెట్టాం. పైగా నెలకు నూట ఇరవై బ్యాగులు వస్తాయి. రెండేసి లీటర్ల బ్యాగులు సర్దిన ఒక్కో అట్టపెట్టె పది కిలోలు ఉంటుంది. నేను ఆఫీసుకు వెళ్లాక వాటిని గుమ్మం దగ్గర్నుంచి గదిలోకి చేర్చింది అమ్మే అని చాలా ఆలస్యంగా తెలిసింది. నడక మాన్పించి, పెట్టెలు మోయించాం.

కాబట్టి అడగాల్సింది ఏ పని, ఎంత బరువు, పొట్టలో నీళ్లున్నప్పుడా దించాకా అని. కాస్త గట్టి వ్యాయామమైతే నీళ్లు దించేశాక, కొత్త బ్యాగు ఎక్కించే ముందు చేసుకోవచ్చు. బొడ్డు దగ్గరో గజ్జల్లోనో ఇప్పటికే ఉబ్బు ఉన్నవాళ్లు మాత్రం ముందు సర్జన్‌కు చూపించుకోవాలి.

ఇంకో మాట. "బరువులు ఎత్తొద్దు" అని చెప్పడం తేలికే. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్లో పనిచేసే మనిషికి ఆ మాట కూలికి వెళ్లొద్దన్నట్టే. అలాంటి మనిషికి ఎన్ని కిలోలు, ఎన్నాళ్ల తర్వాత, ఏ బరువును ఎలా పట్టుకుని లేపాలి అన్నది విడమరిచి చెప్పాలి. లేకపోతే ఆయన కొన్నాళ్లు పస్తులుండి, తర్వాత ఎవరికీ చెప్పకుండా ఒకేసారి బస్తా ఎత్తుతాడు.

"పైపు జారిపోతుంది."

పైపు వేసిన మొదటి కొన్ని వారాల్లో ఈ జాగ్రత్త అవసరమే. పైపుకు చర్మం కింద మెత్తటి పట్టీల్లాంటివి ఉంటాయి. కండ వాటిలోకి అల్లుకుని గట్టిపడాలంటే కొంత సమయం పడుతుంది. అప్పటిదాకా, సర్జన్ చెప్పినన్నాళ్లు ఆగాలి. గాయం మానాక మామూలు నడకకు పైపు ఊడి రాదు. బయటి భాగం లాక్కుపోకుండా ప్లాస్టర్ వేసి, నడుముకు మెత్తటి బెల్టు కట్టుకుంటే చాలు. లోపలి కొస పక్కకు జరగడానికి తరచుగా కనిపించే కారణం కూడా మలబద్ధకమే. నడక దాన్ని తగ్గిస్తుంది.

"చెమట పడితే ఇన్ఫెక్షన్."

వ్యాయామం అయ్యాక పైపు దగ్గర శుభ్రం చేసి, తడి ఆరనిచ్చి, డ్రెస్సింగ్ మార్చాలి. అంతే. చెరువు, కాలువ, నది స్నానాల విషయంలో మాత్రం భయపడాల్సిందే. పుష్కరాలకైనా సరే, ఆ నీళ్లలో మునగకండి, తలమీద చల్లుకోండి.

"విశ్రాంతే మందు."

నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఈ మాటే. పొట్టలోకి ఎక్కించే నీళ్లలో గ్లూకోజ్ ఉంటుంది. రెండున్నర శాతం బ్యాగు రెండు లీటర్లదైతే అందులో సుమారు 50 గ్రాములు. నాలుగైదు గంటల్లో సగానికి పైగా ఒంట్లోకి చేరిపోతుంది. అదే సమయంలో ప్రోటీన్ బయటకు పోతుంది, రోజుకు 5 నుంచి 10 గ్రాములు. అంటే ఈ మనిషికి కొవ్వు పెరగడానికి, కండ తరగడానికి దారి ముందే వేసి ఉంది. దాని మీద మనం మంచం కూడా వేస్తున్నాం.

అమ్మ బరువు మెషీన్ మీద పెద్దగా తేడా చూపించలేదు, పైగా రెండు కిలోలు పెరిగింది. కానీ ఒకరోజు చీర కట్టుకుంటుంటే పిక్కలు చూశాను, నా మణికట్టు కంటే కాస్త లావు, అంతే. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, ఒకసారి ముందుకు ఊగి, రెండోసారి ఊగితే గానీ లేవలేకపోయేది.

ఇటలీలో డయాలసిస్ పేషెంట్లకు ఇంటి దగ్గరే తేలికపాటి నడక ఇచ్చి చూశారు. 296 మందితో చేసిన ఆ అధ్యయనం 2017లో వచ్చింది. నడిచినవాళ్లు మొదట్లో ఆరు నిమిషాల్లో సగటున 328 మీటర్లు వెళ్లేవారు, ఆరు నెలల తర్వాత 367 మీటర్లు వెళ్లారు. నడక ఇవ్వనివాళ్లలో పెద్దగా మార్పు లేదు. వాళ్లు జిమ్‌కు వెళ్లలేదు, ఇంటి దగ్గర నడిచారు, అంతే.

ఛాతీలో నొప్పి, ఆయాసం, అదుపులో లేని బీపీ, జ్వరం, కడుపునొప్పి, మబ్బు నీళ్లు ఉన్న రోజున వ్యాయామం మాటే వద్దు, ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు నడకకు ముందు షుగర్ చూసుకోవాలి.

రెండున్నరేళ్ల క్రితం రివ్యూకి వెళ్లినప్పుడు "వ్యాయామం చేయొచ్చా" అని అడగడం మానేసి, కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసుకెళ్లాను. రోజూ ఎంతసేపు నడవొచ్చు? ఎన్ని కిలోలు ఎత్తొచ్చు? నీళ్లు ఉంచుకునా, దించా? ఏం కనిపిస్తే ఆపాలి? డాక్టర్ గారు కాగితం తీసుకుని కాసేపు చూశారు. "మీ అమ్మగారిని ఒకసారి కుర్చీలోంచి లేవమనండి" అన్నారు. అమ్మ లేవడం చూశాక ప్రిస్క్రిప్షన్ మీద మందుల కింద తన చేత్తోనే రాశారు: పది నిమిషాలు, పూటకోసారి నడక, కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఐదుసార్లు, ఐదు కిలోలు దాటొద్దు, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం.

ఆ చీటీ ఇప్పటికీ మా బీరువా తలుపు లోపల అతికించి ఉంది. ఫొటో తీసి పిన్నికి పంపాను.